కొనే ముందు కొలుచుకోవాలి: రెండు పడక గదుల ఫ్లాటును అమర్చుకునే తీరు

కొత్తగా ఫ్లాటులోకి చేరినవారు, లేదా ఉన్న ఇంటినే కాస్త బాగు చేసుకోవాలనుకునేవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. హాలు ఇరుకుగా కనిపిస్తోంది, ఏం చేయాలి? గోడలకు ఏ రంగు వేయించాలి? ఎంత సోఫా పడుతుంది? ఫాల్స్ సీలింగ్ అవసరమా? వీటిలో దేనికి జవాబు చెప్పాలన్నా ముందుగా గది కొలతలు, ఆ గదిలోకి వెలుతురు వచ్చే వేళలు తెలియాలి. ఆ రెండూ కాగితం మీద పెట్టుకోకుండా కొన్న సామానే కొన్నాళ్లకు కాళ్లకు అడ్డం పడుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా కొనుక్కునే 1,100 చదరపు అడుగుల రెండు పడక గదుల ఫ్లాటును మనసులో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. అందులో హాలు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉందని, వెలుతురు ఒక చివర ఉన్న బాల్కనీ నుంచి మాత్రమే వస్తుందని అనుకుందాం.

ముందుగా కాగితం, టేపు

ప్రతి గదికీ ఒక కాగితం తీసుకుని, గోడల పొడవులతో పాటు కిటికీ నేల నుంచి ఎంత ఎత్తున మొదలవుతుంది, తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది, స్విచ్ బోర్డులు, ఏసీ పాయింటు, కేబుల్ పాయింటు ఎక్కడున్నాయి అన్నవి కూడా గుర్తించుకోవాలి. గది కొలతలు చాలామంది తీసుకుంటారు గాని, సామాను ఇంటి లోపలికి వచ్చే దారిని కొలవరు. మా ఇంటికి సోఫా కొన్నప్పుడు మేమూ హాలును అంగుళాలతో సహా కొలుచుకుని, లిఫ్టు తలుపును, మెట్ల మలుపును వదిలేశాము. ఏడున్నర అడుగుల సోఫాను నాలుగో అంతస్తుకు చేర్చడానికి దాదాపు రోజంతా పట్టింది. మలుపులో ఒక వైపు చెయ్యి చెక్క చీలిపోయింది. అందువల్ల లిఫ్టు లోపలి కొలత, మెట్ల వెడల్పు, వీధి తలుపు వెడల్పు మూడూ అదే కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. కాళ్లు విడిగా బిగించే సోఫాలను, విడదీసి తెచ్చి గదిలో బిగించే మంచాలను ఎంచుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఆ తరవాత చేయవలసిన పనికి పైసా ఖర్చు లేదు. కొనదలచుకున్న సోఫా, టీపాయ్, టీవీ బల్ల కొలతలను ఖాళీ హాలు నేల మీద ముగ్గుపిండితోనో చాక్‌పీసుతోనో గీసి, రెండు రోజుల పాటు ఆ గీతలను తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడండి. వంటింట్లోంచి పళ్లెం పట్టుకుని రావడం, బాల్కనీలో బట్టలు ఆరేసి రావడం, చంటిపిల్లవాడిని ఎత్తుకుని వీధి తలుపు తీయడం వంటి రోజువారీ పనులన్నీ ఆ గీతల మధ్యనే చేయాలి. ఎక్కడ ఒళ్లు పక్కకు తిప్పుకోవలసి వస్తుందో అక్కడ సామాను తగ్గించాలి. ఏ బొమ్మల పుస్తకం చూసినా, ఎంత ఖరీదైన డిజైనరును పిలిచినా ఇంత కచ్చితమైన జవాబు దొరకదని నా నమ్మకం.

హాలులో సోఫా, టీవీ

11 అడుగుల వెడల్పును అంగుళాల్లోకి మార్చితే 132 అవుతుంది. సోఫా లోతు 36 అంగుళాలు, సోఫాకూ టీపాయ్‌కూ మధ్య కాళ్లు పెట్టుకోవడానికి 16, టీపాయ్ 22, ఎదుటి గోడకు ఆనించిన టీవీ బల్ల 16 అంగుళాలు అనుకుంటే మొత్తం 90 అవుతాయి. మిగిలిన 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు నడకదారి. ఇంట్లో మనుషులు తరచుగా నడిచే దారి మూడు అడుగులకు తగ్గకూడదు కనుక ఈ లెక్క సరిపోతుంది. ఇదే హాలులో ఎల్ ఆకారపు సోఫా పెట్టి, దాని రెండో చెయ్యిని ఐదారు అడుగుల మేర గది మధ్యకు రానిస్తే బాల్కనీకి వెళ్లే దారి మూసుకుపోతుంది. హాలు ఇరుకుగా ఉందని బాధపడే ఇళ్లలో చాలాసార్లు అసలు కారణం గది వైశాల్యం కాదు, గది మధ్యకు చొచ్చుకొచ్చిన ఒక పెద్ద వస్తువు. మూడు సీట్ల సోఫా ఒకటి, కదపడానికి వీలైన కుర్చీలు రెండు ఉంటే అతిథులు వచ్చినప్పుడు ఒకలా, పండుగనాడు నేల మీద విస్తళ్లు వేసినప్పుడు మరొకలా గదిని మార్చుకోవచ్చు. నేల మీద కూర్చునే అలవాటున్న ఇంట్లో ఒక జంపఖానా పరిచి, గోడకు దిండ్లు ఆనించి పెట్టినా చక్కగా ఉంటుంది. వరంగల్ జంపఖానాలు పల్చగా ఉండి, దులపడానికి, ఉతకడానికి వీలవుతాయి. మన దుమ్ముకు, వేడికి మందపాటి కార్పెట్ల కంటే అవే తగినవి.

సోఫాను కంటితో చూసి కొనవద్దు. ఇంట్లో అందరికంటే పెద్దవారిని వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి. సీటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తున ఉంటే మోకాళ్ల నొప్పులున్నవారు చేతులు ఆనించుకుని లేవగలుగుతారు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే అందమైన సోఫాల్లో కొన్ని 14, 15 అంగుళాల ఎత్తే ఉంటాయి, పైగా లోతు ఎక్కువ. వాటిలో కూర్చున్న పెద్దవారు ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేరు. తన ఇంటి హాలులో తాను స్వేచ్ఛగా కూర్చుని లేవలేని పరిస్థితి తల్లిదండ్రులకు కల్పించే సామాను ఎంత అందంగా ఉన్నా ఆ ఇంటికి పనికిరానిదే.

టీవీని కిటికీకి ఎదురుగా పెడితే తెర మీద వెలుతురు పడి బొమ్మ కనిపించదు. కిటికీ పక్కన పెడితే వెనకనుంచి వచ్చే వెలుతురు కళ్లను గుచ్చుతుంది. కిటికీ ఉన్న గోడకు అడ్డంగా ఉండే పక్క గోడ మేలు. తెర మధ్యభాగం కూర్చున్న మనిషి కంటి ఎత్తున, అంటే నేల నుంచి సుమారు 40 అంగుళాల దగ్గర ఉండాలి. పటం కట్టినట్టు పైన బిగించిన టీవీ మెడ నొప్పికి దారి తీస్తుంది. పైన చెప్పిన హాలులో సోఫా మీద కూర్చున్నవారి కళ్లకూ తెరకూ మధ్య దాదాపు 9 అడుగుల దూరం ఉంటుంది కనుక 43 నుంచి 55 అంగుళాల మధ్య తెర చాలు.

పడక గది

ఇక్కడ మొదటి నిర్ణయం తల ఏ దిక్కుకు పెట్టాలన్నది. మన ఇళ్లలో ఉత్తరం వైపు తల పెట్టి పడుకోరు. తూర్పో, దక్షిణమో ఎంచుకుంటారు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే దానిని ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే మంచం పక్కన స్విచ్చులు, ఫోను ఛార్జింగు పాయింటు, ఏసీ గాలి పడే వైపు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కరెంటు పని అయిపోయాక మంచం తిప్పితే రాత్రి లైటు ఆర్పడానికి గది అవతలికి నడవవలసి వస్తుంది.

10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు ఉన్న గదిలో 72 అంగుళాల కింగ్ సైజు మంచం వేస్తే రెండు వైపులా 24 అంగుళాల చొప్పునే మిగులుతుంది. 60 అంగుళాల క్వీన్ సైజు మంచం వేస్తే 30 చొప్పున మిగులుతుంది. ఇద్దరూ ఇబ్బంది లేకుండా దిగవచ్చు, దుప్పటి మార్చవచ్చు. మంచం పొడవు 78 అంగుళాలు, దానికి ఎదురుగా 24 అంగుళాల లోతున్న వార్డ్‌రోబ్ పెడితే 132 అంగుళాల పొడవులో మధ్యన 30 అంగుళాలు మిగులుతుంది. 18 అంగుళాల వెడల్పున్న తలుపు రెక్కలు అందులో తెరుచుకుంటాయి గాని, తెరిచినప్పుడు మనిషి దాటడం కష్టం. ఆ ఇబ్బంది భరించలేమనుకుంటే పక్కకు జరిగే తలుపులు చేయించుకోవచ్చు. అయితే ఒకేసారి సగం వార్డ్‌రోబ్ మాత్రమే తెరుచుకుంటుందని గుర్తుంచుకోవాలి.

వెలుతురు, ఎండ, పరదాలు

రంగుల గురించి ఆలోచించే ముందు వెలుతురును గమనించాలి. ఒక సెలవురోజు ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం 5 గంటలకు ఒకే చోట నిలబడి హాలును ఫోనులో ఫొటో తీయండి. ఏ మూల రోజంతా చీకటిగా ఉంటుందో, ఏ గోడ మీద ఎండ నేరుగా పడుతుందో ఆ మూడు ఫొటోలలో తెలిసిపోతుంది. చీకటి మూలకు అదనపు దీపం కావాలి. ఎండపడే గోడ మీద మాత్రం గుడ్డ మీద వేసిన చిత్రాలు, కుటుంబ ఫొటోలు పెట్టకూడదు.

చాలా ఇళ్లలో గది మధ్యన ఒక ట్యూబ్‌లైటు మాత్రమే ఉంటుంది. దాని కింద ఎంత మంచి సామాను పెట్టినా, ఎంత ఖరీదైన రంగు వేయించినా గది చప్పగానే కనిపిస్తుంది. ఎల్‌ఈడీ దీపాల పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు ఉన్నవి దీపపు వెలుగులా పసుపుగా, 4000 ఉన్నవి తెలుపూ పసుపూ కాకుండా, 6500 ఉన్నవి నీలి ఛాయ గల తెలుపుగా వెలుగుతాయి. వంటింటి గట్టు మీద, పిల్లలు చదువుకునే బల్ల మీద 4000 బాగుంటుంది. పడక గదిలో, హాలులో కూర్చునే మూలన 3000 హాయిగా ఉంటుంది. ఒకే గదిలో 6500, 3000 కలిపి ఒకేసారి వెలిగిస్తే గోడ ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా కనిపిస్తుంది కనుక వాటికి వేరు వేరు స్విచ్చులు పెట్టించుకోవాలి. వంటింట్లో దీపం మన వీపు వెనక ఉంటే గట్టు మీద కూరలు తరిగే చోట మన నీడే పడుతుంది. గట్టు పైనున్న అల్మరా అడుగున సన్నని దీపం బిగిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

తెలుగు నేల మీద మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు పడమటి కిటికీ పెద్ద పరీక్ష. ఆ కిటికీకి రెండు పొరల పరదాలు వేయాలి: లోపల పల్చని నూలు గుడ్డ, దాని మీద లేత రంగు లైనింగ్ ఉన్న మందపాటి గుడ్డ. లైనింగ్ అద్దం వైపు ఉండాలి. మధ్యాహ్నం రెండు దాటగానే మందపాటి పరదా మూసేసే అలవాటు చేసుకుంటే గది తేడా మీకే తెలుస్తుంది. అద్దానికి బయటి వైపు వెదురు తడికెలు, వట్టివేళ్ల తడికెలు కట్టుకునే వీలుంటే ఇంకా మంచిది, ఎందుకంటే అవి ఎండను అద్దం దాకా రానివ్వవు.

పరదాల కొలతలో జరిగే పొరపాటు ఒక్కటే, అయినా అది ఇంటింటా కనిపిస్తుంది. ఐదడుగుల కిటికీకి ఐదడుగుల గుడ్డ కొంటే, మూసినప్పుడు అది దుప్పటి ఆరేసినట్టు సాపుగా వేలాడుతుంది. గుడ్డ వెడల్పు రాడ్డు పొడవుకు రెండింతలు ఉండాలి. రాడ్డును కిటికీకి రెండు వైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువగా, అంటే ఆరడుగులు తీసుకుంటే 12 అడుగుల గుడ్డ కావాలి; రెడీమేడ్ పరదాలు నాలుగడుగుల వెడల్పున దొరుకుతాయి కనుక అవి మూడు పడతాయి. రాడ్డు పక్కలకు పొడవుగా ఉండడం వల్ల పరదా తెరిచినప్పుడు గుడ్డ గోడ మీదకు జరిగి, కిటికీ మొత్తం వెలుతురిస్తుంది. కిటికీ పైఅంచుకు ఆరు అంగుళాల పైన రాడ్డు బిగించి, పరదాను నేలకు అర అంగుళం పైదాకా వదిలితే పైకప్పు ఎత్తుగా ఉన్న భావన కలుగుతుంది. అలా చేయాలంటే ఏడడుగుల రెడీమేడ్ పరదా పొట్టిగా అవుతుంది. తొమ్మిదడుగులది కొని, ఒకసారి ఉతికి, గుడ్డ కుంచించుకున్న తరవాతే కత్తిరించి కుట్టించండి.

గోడలు, చెమ్మ, రంగు

చెమ్మ ఉన్న గోడకు ఎంత మంచి రంగు వేసినా నిలవదు. పుట్టీ ఉబ్బడం, గోడలోంచి తెల్లని ఉప్పు పొడి రాలడం, మూలల్లో నల్లని బూజు పట్టడం కనిపిస్తే నీరు ఎక్కడినుంచి వస్తోందో ముందు కనిపెట్టాలి. అది స్నానాల గది అవతలి గోడ కావచ్చు, పై ఫ్లాటు పైపు కావచ్చు, బయటి గోడ పగులు కావచ్చు. దానిని బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరిన తరవాతే పుట్టీ, ప్రైమరు, రంగు వరుసగా వేయించాలి. వాల్‌పేపరుతోనో, ప్లాస్టిక్ పలకలతోనో చెమ్మను కప్పెయ్యమని చెప్పేవారి మాట వినకండి. పలకల వెనక బూజు పెరుగుతూనే ఉంటుంది, ఉబ్బసం ఉన్న పిల్లలు ఆ గదిలో బాధపడతారు. స్నానాల గది గోడకు ఆనుకుని వార్డ్‌రోబ్ పెట్టవలసి వస్తే రెండు మూడు అంగుళాల ఖాళీ వదలండి. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడ కనీసం 28 రోజులైనా ఆరాలి. గృహప్రవేశ ముహూర్తం దగ్గర పడిందని తొందరపడి వేయించిన రంగు మరుసటి వానాకాలానికే పొరలుగా లేస్తుంది.

రంగు ఎంచుకునేటప్పుడు షేడ్ కార్డు మీది చిన్న ముక్కను నమ్మవద్దు. నాలుగు గోడలకూ పడేసరికి అదే రంగు మరింత ముదురుగా అనిపిస్తుంది. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల తెల్ల అట్టకు రెండు పూతలు వేసి, ఆ అట్టను గోడ నుంచి గోడకు మారుస్తూ పగలూ రాత్రీ చూడండి. బాల్కనీ ఒక్కటే ఉన్న పొడవాటి హాలుకు గంధపు ఛాయ, వెన్న రంగు, లేత బూడిద కలిసిన తెలుపు వంటివి నప్పుతాయి. ముదురు రంగు మీద మనసుంటే బాల్కనీకి ఎదురుగా ఉన్న చివరి గోడకు వేయండి. పొడవాటి గదిలో ఆ గోడ కాస్త దగ్గరగా అనిపించి, సొరంగంలా ఉన్న భావన తగ్గుతుంది. పైకప్పుకు తెలుపే మేలు. పిల్లలున్న ఇంట్లో నడవకు, భోజనాల బల్ల పక్క గోడకు తడిగుడ్డతో తుడవడానికి వీలైన, కాస్త మెరుపున్న ఎమల్షన్ వేయించాలి. అయితే మెరుపు ఎక్కువైతే గోడ మీది ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

ఫాల్స్ సీలింగ్ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పదడుగుల లోపు ఎత్తున్న గదిలో మొత్తం పైకప్పు కిందికి దించడం అనవసరం. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పోతుంది, గది గాలి ఆడనట్టు అనిపిస్తుంది. దీపాల కోసమే అయితే గోడల అంచు వెంట ఒకటిన్నర అడుగు వెడల్పున చేయించి మధ్యభాగం వదిలేస్తే చాలు. ఎలా చేయించినా ఫ్యాను బరువు శ్లాబులోని కొక్కెం మీదే ఉండాలి, జిప్సం పలక మీద ఎంతమాత్రమూ పడకూడదు. చివరి అంతస్తులో వేడి తగ్గుతుందని ఫాల్స్ సీలింగ్ వేయించదలచినవారు ముందుగా డాబా మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేయించి చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించడానికి కారణం కూడా ఇదే: శ్లాబు ఎండను మింగకుండా ఆపగలిగితే లోపల సగం పని తప్పుతుంది.

చెక్క పని చేయించేటప్పుడు ప్లైవుడ్ మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) ముద్ర చూసి తీసుకోవాలి. మామూలు గదులకు ఐఎస్ 303 సరిపోతుంది. సింకు కింద, స్నానాల గది పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. పార్టికల్ బోర్డుకు నీరు తగిలితే బిస్కెట్టులా ఉబ్బిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఇనుప కీళ్లు, ఇనుప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి కనుక స్టెయిన్‌లెస్ స్టీలువే అడగాలి.

అలంకరణ వస్తువులు

వస్తువులను చివరగా కొనాలి, కొద్దిగా కొనాలి, వాటికి తగిన చోటు చూసుకుని కొనాలి. సోఫా వెనక గోడకు చిన్న చిన్న పటాలు దూరదూరంగా కొట్టేకంటే సోఫా పొడవులో మూడింట రెండు వంతుల వెడల్పున్న ఒకే చిత్రం నిండుగా ఉంటుంది. సోఫా పైఅంచుకూ పటానికీ మధ్య ఎనిమిది అంగుళాలకు మించి ఖాళీ ఉంటే పటం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ చిత్రం ఎక్కడిదో ఊరూ పేరూ లేని ముద్రిత కాన్వాసు కావలసిన అవసరం లేదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను అద్దం లేకుండా చెక్క చట్రానికి బిగించవచ్చు, లేదా పై అంచున కుట్టిన గొట్టంలో కర్ర దూర్చి వేలాడదీయవచ్చు. సహజ రంగులు ఎండకు వెలుస్తాయి కనుక మొదట తీసిన ఫొటోలలో ఎండపడని గోడను దానికి కేటాయించండి. చేర్యాల నకాషీ చిత్రం నిలువుగా పొడవుగా దొరుకుతుంది, కనుక రెండు తలుపుల మధ్య ఉన్న సన్నని గోడకు సరిగ్గా సరిపోతుంది. నిమ్మలకుంట తోలు దీపపు తొడుగులను రాత్రి వెలిగిస్తే గోడల మీద పడే రంగుల నీడలు చూసి తీరవలసినవి. వాటిలో వేడెక్కని ఎల్‌ఈడీ మాత్రమే పెట్టాలి, చెమ్మ తగలనివ్వకూడదు. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పూత వేడికి మెత్తబడుతుంది కనుక ఎండ తగిలే కిటికీ గట్టు మీద గాని, దీపానికి ఆనించి గాని పెట్టవద్దు. కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడిస్తే రంగు పోతుంది; మెత్తని పొడి కుంచెతో దులపాలి.

షోకేసు నిండా వస్తువులు పెడితే కంటికి ఒక్కటీ ఆనదు. మన బొమ్మల కొలువు పద్ధతిలోనే దీనికి మంచి మార్గం ఉంది: బొమ్మలన్నీ ఏడాది పొడవునా బయట ఉండవు, అటక మీది పెట్టెలో నూలుగుడ్డ చుట్టుకుని ఉండి పండుగకు దిగుతాయి. అలాగే మీ వస్తువుల్లో మూడో వంతు బయట ఉంచి, మిగతావి భద్రపరిచి, మూడు నాలుగు నెలలకొకసారి మార్చుతూ ఉండండి.

అద్దె ఇంట్లో ఉన్నవారికి మేకులు కొట్టే వీలు చాలాసార్లు ఉండదు. ఉన్న కర్టెన్ రాడ్లకే మంచి పరదాలు, ఒక జంపఖానా, నేల మీద నిలబెట్టే దీపం, పొడవాటి బల్ల మీద గోడకు ఆనించిన ఒక పెద్ద పటం, బాల్కనీ తలుపు పక్కన రెండు మొక్కలు: ఇవన్నీ ఇల్లు మారినప్పుడు మీతోనే వస్తాయి. అంటించే కొక్కేలు సున్నం, డిస్టెంపరు గోడల మీద నిలవవు, పొరతో సహా ఊడి వస్తాయి. వాటిని టైల్స్ మీద, అద్దం మీద, సన్‌మైకా మీద మాత్రమే వాడండి. మొక్కల కింద పెట్టే పళ్లేల్లో నీరు నిలిస్తే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి కనుక రెండు మూడు రోజులకొకసారి ఆ నీరు పారబోసి, పళ్లెం రుద్ది కడిగి పెట్టండి.